ఒక కాలువ, రెండు తూములు

పెన్న ఒడ్డున జమ్మలమడుగులో మా అమ్మమ్మగారి ఇల్లు. ఆ ఇంటి వీధిగోడమీద, తలుపునకు కుడిప్రక్కగా, ఒక చిన్న గళ్ళపట్టిక ఉండెడిది. అది ముగ్గు కాదు, మ్రొక్కుబడి గుర్తును కాదు. మలేరియా శాఖవారి మనిషి వచ్చినప్పుడెల్ల ఆ గళ్ళలో తేదీ వేసి, పొడి అక్షరములతో సంతకము చేసి పోయెడివాడు. ఇంటిలో ఎవరికైన జ్వరమున్నదా అని అడుగుట, ఉన్నదన్నచో వ్రేలికొనను సూదితో పొడిచి ఒక నెత్తుటిబొట్టును గాజుపలకమీద పులిమి తీసికొనిపోవుట, నాలుగు చేదుమాత్రలు చేతిలో పెట్టుట – ఇది ఆయన పని. నా ఎనిమిదవ యేట ఆ సూదిపోటు నాకును తప్పలేదు. ఒకనాడు పండ్లు గిటకరించు వణకు, మరునాడు నెమ్మది, మూడవనాడు తిరిగి అదే వణకు. గాజుపలక ఫలితము రాకముందే మా అమ్మమ్మ తేల్చివేసినది: "దినం ఇడ్సి దినం వస్తాండాది. ఇది సలిజరమే నాయనా."

ఆమె లెక్క తప్పు కాదు. మన పూర్వవైద్యులు విషమజ్వరములలో తృతీయకమని ఒకదానిని వేరుచేసి చెప్పినారు. నేటి వైద్యులు దానికి కారణమైన సూక్ష్మజీవిని ప్లాస్మోడియం వైవాక్స్ అని పిలుచుచున్నారు. మనదేశమున మలేరియా కలిగించు రెండు ముఖ్యజాతులలో ఇది యొకటి. రెండవదైన ఫాల్సిపారమువలె ఇది అంతగా ప్రాణములు తీయదు గాని, పట్టినచో విడువదు. కాలేయములో నెలల తరబడి నిద్రించి, మనిషి మరచిన తరువాత లేచి వచ్చును. ప్రభుత్వము 1953లో దేశవ్యాప్తముగా మలేరియా నియంత్రణమునకును, 1958లో నిర్మూలనకును పూనినది. కొంతకాలము వ్యాధి అణగినట్లే కనిపించి, 1976లో దేశమున 64 లక్షల మందికి పైగా తిరిగి సోకినది. మా అమ్మమ్మగారి గోడమీది గళ్ళు ఆ పునరాగమనమునకు తరువాతివి.

నాకు పెద్దయిన తరువాత తెలిసి, నన్ను ఎంతయో ఆశ్చర్యపరచిన సంగతి యొకటి కలదు. పశ్చిమాఫ్రికా ప్రజలలో మిక్కుటముగా ఉన్నవారికి ఈ వైవాక్స్ జ్వరము దాదాపుగా రాదు. అక్కడ దోమలకు కొరత లేదు, ఫాల్సిపారము అక్కడ యమదూతవలెనే తిరుగుచున్నది, కాని వైవాక్స్ వారి ఎర్రకణములలోనికి చొరలేదు. దీనికి వారి ఆహారముగాని, దేహబలముగాని కారణము కాదు. వారి జన్యుపదార్థములో ఒకానొక చోట ఒక్క అక్షరము మారినది. ఆ అక్షరమైనను జన్యువులో లేదు. జన్యువునకు ముందున్న తూములో ఉన్నది. ఆ తూము చెడినందున ఎర్రకణములో ఆ జన్యువు మూగవోయినది. రక్తనాళముల లోపలిపొరలో మాత్రము అదే జన్యువు నిక్షేపముగా పనిచేయుచున్నది. ఇది ఎట్లు సంభవించినదో, దానిని మనుష్యులు ఎన్నేండ్లకు ఎట్లు కనుగొన్నారో చెప్పుటయే ఈ ప్రసంగమున నా ప్రయత్నము.

'తూము' అన్న మాటను నేను అలంకారముగా వాడలేదు. ప్రొద్దుటూరు ప్రాంతపువారికి దానిని విడమరచి చెప్పనక్కరలేదు. తుంగభద్రమీద సుంకేసుల యొద్ద బయలుదేరి కడపవరకు సుమారు 190 మైళ్ళు నడచు కర్నూలు–కడప కాలువ మీకు ఎరుకయే. 1860 దశాబ్దమున ఒక ఆంగ్లేయ కంపెనీ పడవల రాకపోకలకును, సేద్యమునకును కలిపి దానిని త్రవ్వ మొదలుపెట్టినది. లాభము గిట్టక 1882లో ప్రభుత్వమునకు అప్పగించి తప్పుకొన్నది. కాలువ ఒక్కటే. కాని ఏ పొలమునకు నీరు పారవలెనో కాలువ నిర్ణయించదు, తూము నిర్ణయించును. తూమును ఎత్తువాడు లస్కరు. ఈ పొలపు తూము తలుపు తుప్పుపట్టి బిగిసిపోయినచో ఈ మడి ఎండును. మైలు దిగువనున్న మరొక మడి, తన తూముగుండ, అదే కాలువ నీటితో పచ్చగానే ఉండును. ఎండిన మడిని మాత్రమే చూచినవాడు కాలువయే పూడిపోయినదని అనుకొనవచ్చును. పులివెందుల శ్రోతలు "ఆ కాలువ మాది కాదు గదా, మావి బావులు, బోర్లు, చీనీతోటలు" అందురేమో. తూములో నీరు రాని మడి ఎట్లుండునో వారికే మరింత బాగుగ తెలియును గనుక, ఈ ఉపమానము వారికి పరాయిది కాదు.

మన దేహములోని ప్రతి కణములోను, కేంద్రకమున్నంతవరకు, ఇంచుమించు ఒకే గ్రంథమున్నది. అందులో సుమారు 20 వేల జన్యువులు మాంసకృత్తులను తయారుచేయు విధానమును తెలుపుచున్నవి. కంటిలోని కణమును, కాలేయములోని కణమును ఆ గ్రంథమునే మోయుచున్నవి గాని, ఒక్కొక్కటి తనకు వలసిన పుటలనే చదువును. చదువవలసిన పుట ఏదో తెలుపు ఏర్పాటును 1961లో పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో ఫ్రాన్స్వా జాకబ్, జాక్ మొనో అను ఇరువురు సూక్ష్మక్రిములలో కనిపెట్టినారు. 1965లో వారికి ఆంద్రె ల్వోఫ్‌తోపాటు నోబెల్ బహుమానము లభించినది. జన్యువునకు సరిగా ముందు, చదువు ఆరంభమగు చోటును చూపు కొద్దిపాటి అక్షరముల వరుస కలదని వారి బృందము తలపోసి, దానికి 1964లో ప్రమోటరు అని పేరు పెట్టినది. ఆ వరుసలో నాలుగైదు నుండి పది అక్షరముల చిన్నచిన్న పదములు ఉండును. ఒక్కొక్క పదమును గుర్తించి దానిమీద వ్రాలు మాంసకృత్తులు కణములో వేరుగా ఉండును. వాటినే లస్కర్లని అనుకొందము. ఏ కణములో ఏ లస్కర్లున్నారో, వారు పట్టుకొనుటకు ఏ పదములు చెడక నిలిచియున్నవో, దానినిబట్టి ఆ కణములో ఆ జన్యువు పలుకును, లేదా మూగపోవును.

ఇక రక్తనాళపు లోపలిపొర. దీనికి 1865లో స్విట్జర్లాండు శరీరశాస్త్రజ్ఞుడు విల్‌హెల్మ్ హిస్ ఎండోథీలియమని పేరు పెట్టినాడు. ఒక్క కణము మందము గల పొర అది. గుండె లోపలినుండి కంటికి కనబడని కేశనాళికలవరకు ఎడతెగక పరచుకొని ఉన్నది. పేరు పెట్టిన తరువాత నూరేండ్లపాటు దీనిని తొట్టెకు పూసిన సున్నమువలె చూచినారేగాని, ఇది ప్రాణమున్న పనివాడని తలచినవారు తక్కువ. 1973లో ఎరిక్ జాఫీ బృందము న్యూయార్కులో శిశువుల బొడ్డుత్రాటి సిరలనుండి ఈ కణములను తీసి గాజుపాత్రలలో పెంచగలిగినది. 1980లో రాబర్ట్ ఫర్చ్‌గాట్ ఈ పొరను గీకివేసిన ధమని, ఒకానొక ద్రవ్యము తగిలినపుడు, సడలుటకు మారుగా బిగియునని చూపినాడు. పూత అనుకొన్నది యజమాని అయి కూర్చున్నది. 1998లో ఆయనకు నోబెల్ బహుమానము పంచి ఇచ్చినారు.

అటుపిమ్మట వచ్చిన ప్రశ్న సహజమే. ఈ పొర తాను ఈ పొరనని ఎట్లు ఎరుగును? 1990 తరువాత పలు ప్రయోగశాలలు ఈ కణములలో పలుకు జన్యువుల తూములను త్రవ్వి చూచినవి. అందొకటి నాకు మరపురానిది. నెత్తురు గడ్డకట్టుటకు తోడ్పడు వాన్ విల్లెబ్రాండ్ అంశమనునది ఈ పొరలో తయారగును. దాని ప్రమోటరులో ఒక చిన్నముక్కను తీసి, రంగు పుట్టించు మరొక జన్యువునకు తగిలించి, విలియమ్ ఎయిర్డ్ బృందమువారు చుంచెలుకలలో ప్రవేశపెట్టినారు. పెరిగిన ఎలుకలలో రంగు మెదడు నాళములలో మాత్రమే కనబడినది. ఇది 1995 నాటి మాట. రెండేండ్ల తరువాత అదే జన్యువునుండి మరికొంత పొడవైన ముక్కను పెట్టినప్పుడు గుండెయొక్కయు, కండరములయొక్కయు సన్ననాళములలోను రంగు పుట్టినది. అనగా ఒకే పొరయని మనము పిలుచుచున్న దానిలోనే వీథివీథికి వేరువేరు తూములున్నవన్నమాట. నెత్తుటి ప్రవాహపు ఒరిపిడిని గుర్తించి కదలు పదములు కూడ ప్రమోటరులలో కలవని 1993లోనే మైకేల్ గింబ్రోన్ బృందము తెలిపినది. నీటివేగమును చూచి తనంతట లేచు తలుపు! మన కాలువలమీద అట్టిదొకటి ఉండిన ఎన్ని జగడములు తప్పియుండునో!

ఇప్పుడు జ్వరము దగ్గరకు తిరిగి వత్తము. మలేరియా జీవిని 1880లో అల్జీరియాలో లావెరాన్ అను ఫ్రెంచి సైనికవైద్యుడు నెత్తుటిలో చూచినాడు. అది దోమద్వారా సంక్రమించు రహస్యము మన తెలుగునేలమీదనే బయటపడినది. సికిందరాబాదు బేగంపేటలో, 1897 ఆగస్టు 20వ తేదీన, రొనాల్డ్ రాస్ ఒక దోమకడుపును కోసి అందులో ఆ జీవి పెరుగుచుండుటను కనుగొన్నాడు. ఆ దోమకు నెత్తురిచ్చిన రోగి హుసేన్ ఖాన్. కుట్టిన దోమకు అణా చొప్పున ఆయనకు ముట్టినదట. నోబెల్ బహుమానము రాస్‌కు 1902లో ముట్టినది. దోమనుండి మనిషికి, మనిషినుండి దోమకు – ఇంతవరకు తేటపడినది. కాని మనిషిలో చేరిన జీవి ఎర్రకణము గోడను ఎట్లు దాటుచున్నదన్నది మరి డెబ్బదియైదేండ్లకు పైగా తెలియలేదు.

ఆ సమాధానము మలేరియాతో ఏమాత్రము సంబంధములేని ఒక లండను ఆసుపత్రినుండి మొదలగును. 1950లో నెత్తురు గడ్డకట్టని వ్యాధిగల ఒక రోగికి, అనేక పర్యాయములు రక్తమెక్కించిన పిమ్మట, ఒకసారి ఎక్కించిన రక్తము పడలేదు. మేరీ కట్‌బుష్, పాట్రిక్ మాలిసన్, డొరొతీ పార్కిన్ అనువారు పరిశోధించి, ఆయన దేహము అంతవరకు ఎవరికిని తెలియని ఒక రక్తపుగుర్తుకు ప్రతిద్రవ్యము పుట్టించినదని కనుగొన్నారు. ఆ రోగి ఇంటిపేరు డఫీ. కొత్త రక్తవర్గమునకు ఆ పేరే నిలిచినది. మరుసటియేడు దానికి జోడైన రెండవ గుర్తు దొరికినది. మొదటిది ఏ, రెండవది బి. యూరపులో ప్రతివానికిని ఈ రెంటిలో ఏదో ఒకటి, లేదా రెండును ఉన్నవి. 1955లో రూత్ సాంగర్, రాబ్ రేస్ అనువారు సహచరునితో కలిసి న్యూయార్కులోని నల్లజాతివారి రక్తమును పరీక్షించిరిగదా, వారిలో ఎక్కువమందికి ఏయును లేదు, బియును లేదు! అటువంటి వట్టి పలక యూరపు ప్రజలలో కనిపించలేదు. దానికి అర్థమేమో ఆనాడు ఎవరును చెప్పలేకపోయినారు.

అర్థము చెప్పినవాడు లూయీ మిల్లర్. అమెరికా ప్రభుత్వ ఆరోగ్యసంస్థలో పనిచేయుచు, ఆయన 1975లో కోతుల మలేరియాజీవిని వేరువేరు రక్తవర్గములవారి ఎర్రకణములతో కలిపి చూచినాడు. డఫీ గుర్తున్న కణములలోనికి అది దూరినది. గుర్తులేనివాటిని తాకి, తడిమి, లోనికి పోలేక తొలగినది. మరుసటియేడు వైవాక్స్‌ను గూర్చిన లెక్క వెలువడినది. వైవాక్స్ సోకిన దోమలచేత కుట్టించుకొన్న 17 మంది స్వచ్ఛందులలో జ్వరము సోకనివారు ఐదుగురే. ఆ ఐదుగురికే డఫీ గుర్తు లేదు. వాకిలి దొరికినది.

వాకిలి దొరికిన తరువాత, అది అసలు దేనికొరకు కట్టిన వాకిలి అన్న ప్రశ్న మిగిలినది. మలేరియా లోనికి రావలెనని దేహము వాకిలి పెట్టుకొనదు గదా! 1993లో రిచర్డ్ హోరక్, మన దేశపు చేతన్ చిట్నిస్, మిల్లర్ మొదలైనవారు కలిసి దానిని తేల్చినారు. డఫీ గుర్తనునది కీమోకైనులను పట్టుకొను గ్రాహకము. దేహములో ఎక్కడైన పుండుపడినచో, తెల్లకణములను పిలుచుటకు ఆచోటు వెదజల్లు కబురుద్రవ్యములే కీమోకైనులు. ఆ సంవత్సరమే అశోక్ చౌధురి న్యూయార్కు రక్తనిధి కేంద్రములో డఫీ జన్యువును వేరుచేయగలిగినాడు.

అక్కడనే చిక్కు వచ్చిపడినది. గుర్తులేనివారిలో ఆ జన్యువు చెడిపోయి ఉండునని ఎవరైనను అనుకొందురు. తీసి చదివి చూడగా అందులో దోషమేమియు లేదు. బి గుర్తును తయారుచేయు జన్యువు అక్షరము పొల్లుపోక ఉన్నది. ఐనను ఎర్రకణముమీద ఆ మాంసకృత్తు లేదు. ఇంతలో 1994లో టెరెన్స్ హాడ్లీ బృందము మూత్రపిండములలోని చిన్నసిరల లోపలిపొరమీద ఇదే గ్రాహకమును చూచినది. 1995లో స్టీఫెన్ పైపర్, హాడ్లీ ప్రభృతులు, ఎర్రకణములమీద డఫీ గుర్తు బొత్తిగా లేనివారి దేహములోను, చిన్నసిరల లోపలిపొరమీద ఆ గ్రాహకము యథాతథముగా ఉన్నదని ప్రకటించినారు. మడి ఎండియున్నది, కాలువలో నీరున్నది, దిగువమడి పచ్చగా ఉన్నది. ఇక వెదుకవలసినది తూమునొద్దనే.

ఆ యేడే పారిస్‌లో క్రిస్టోఫ్ టూర్నామీల్, ఈవ్ కోలాఁ, జాఁ–పియేర్ కార్త్రోఁ, కరొలీన్ ల్ వాన్ కిమ్ కలిసి ఆ తూమును తెరచి చూపినారు. జన్యువునకు కొద్ది అక్షరముల ముందు ఒకచోట, టి ఉండవలసిన స్థానములో సి ఉన్నది. అంతే తేడా. ఆచోటు ఎటువంటిదనగా, ఎదురుపోగుమీద చదివినచో అక్కడ జి–ఏ–టి–ఏ అను నాలుగక్షరముల పదము వచ్చును. ఆ పదమును గుర్తించు మాంసకృత్తునకు ఆ అక్షరములతోనే గాటా–1 అని పేరు. 1988, 89 సంవత్సరములలో ఫెల్సెన్‌ఫెల్డ్, ఆర్కిన్ అనువారి ప్రయోగశాలలు దానిని కనిపెట్టినవి. ఎముకల మూలుగలో ఎర్రకణము రూపొందునపుడు దానికి కావలసిన జన్యువులను తెరచు పెద్దలస్కరు అది. మారిన అక్షరముతో ఆ పదము జి–జి–టి–ఏ అయినది. లస్కరు చేయి చాపినాడు, పిడి అందలేదు. పారిస్ బృందము మామూలు ప్రమోటరును, మారిన ప్రమోటరును ఎర్రకణ వంశపు కణములలో పెట్టి పోల్చిచూచినది. మొదటిది పనిచేసినది, రెండవది పడిపోయినది.

ఎర్రకణములో కేంద్రకము లేదు గదా, ప్రమోటరుతో దానికేమి పని అని తెలిసిన శ్రోతలు అడుగవచ్చును. మంచి ప్రశ్న. కేంద్రకమును విడిచిపెట్టకమునుపు, మూలుగలో ఉన్న బాల్యావస్థలోనే కణము ఈ గ్రాహకమును తయారుచేసి తన చర్మముమీద తొడుగుకొనును. తరువాత సుమారు 120 దినములు దానితోనే తిరుగును. వైవాక్స్ కోరునది ముఖ్యముగా అప్పుడే మూలుగనుండి వెలువడిన లేతకణములనే.

నాళపుపొర మాట ఇంకను మిగిలియున్నది. గాటా కుటుంబములో రెండవవాడొకడు, గాటా–2 అనువాడు, ఈ పొరలో కాపురమున్నాడు. రక్తనాళమును బిగియించు ఎండోథీలిన్ అను ద్రవ్యపు జన్యువును ఈ పొరలో నడుపుటలో వానికి పాత్ర ఉన్నదని 1990, 92 మధ్య పరిశోధనలు చూపినవి. ఇది వింత కాదు. పిండదశలో ఎర్రకణములును, నాళపుపొర కణములును చాల దగ్గరి చుట్టములు. రెంటికిని మూలకణము ఒకటేయని 20వ శతాబ్దారంభమునుండి శాస్త్రజ్ఞులు తలచుచునే ఉన్నారు. దాయాదుల ఇంట ఒకే ఇంటిపేరు వినబడుట వంటిది. అయితే డఫీ జన్యువు విషయమున ఆ నాలుగక్షరముల పదము చెడినను నాళపుపొరలో పని ఆగలేదు గనుక, అక్కడి లస్కర్లకు వేరే పట్టు ఉండితీరవలెను. పైగా అన్ని నాళములలోను ఈ గ్రాహకము కనబడదు. కేశనాళికలను దాటిన వెంటనే వచ్చు చిన్నసిరలలో ఉన్నది, ధమనులలో లేదు. 2017లో చుంచెలుకలమీద చేసిన పరిశోధన ఆ హద్దును స్పష్టముగా గీచినది. ఆ చిన్నసిరలేవో కావు, తెల్లకణములు నెత్తుటినుండి పుండుచోటికి దిగు రేవులు. 2009లో తెలిసినదేమనగా, ఈ గ్రాహకము కండవైపున కీమోకైనును పట్టుకొని, కణముగుండ మోసికొనివచ్చి, నెత్తుటివైపున నిలబెట్టును. దానిని చూచి తెల్లకణము ఆగి, గోడ సందునుండి దిగును. ఒకే మాంసకృత్తు ఎర్రకణముమీద మలేరియాకు వాకిలి, సిరగోడమీద తెల్లకణమునకు రేవుదీపము.

కాబట్టి ఆఫ్రికాలో జరిగినది దీపమును ఆర్పకుండ వాకిలిని మూయుట. జన్యువునే చెరిపివేసి ఉన్నచో రెండును పోయెడివి. అట్లు పోయినవారును లేకపోలేదు. 1971లో ఆస్ట్రేలియాలో ఒక స్త్రీకి ఏ, బి గుర్తులు రెండును లేకపోవుటేగాక, డఫీ గుర్తుగల ఎవ్వరి రక్తమును సరిపడని ప్రతిద్రవ్యము పుట్టినది. ఆమెలో చెడినది తూము కాదనియు, జన్యువులోనే 14 అక్షరములు ఊడిపోయినవనియు 1995లో తేలినది. ఆమెవంటివారు అరుదుగా ఉన్నను బ్రతికియే ఉన్నారు. కనుక నాళపుపొరలో ఈ గ్రాహకము లేకున్న ప్రాణమే పోవునని నేను చెప్పజాలను. కాని రెంటికిని వైద్యుని గదిలో ఎంత భేదమున్నదో చూడండి. తూము మాత్రమే చెడిన ఆఫ్రికా సంతతివారి దేహము సిరలలో బి గుర్తును నిత్యము చూచుచునే ఉండును. అందుచేత బి గుర్తుగల రక్తము ఎక్కించినను దానిని పరాయిదిగా ఎంచి ప్రతిద్రవ్యము పుట్టించదు. జీవితమంతయు రక్తమెక్కించుకొనక తప్పని కొడవలికణ వ్యాధిగ్రస్తులకు ఇది చిన్న మేలు కాదు. వారికి సరిపడు రక్తము వెదకువారికి ఎర్రకణము చూపిన జవాబు చాలదు. ప్రమోటరును కూడ చదువవలసి వచ్చుచున్నది.

మరియొక అన్యాయమునకు కూడ ఇక్కడ జవాబు దొరికినది. ఆఫ్రికా సంతతివారిలో చాలమందికి, ఆరోగ్యముగా ఉన్నప్పుడును, ఒకజాతి తెల్లకణముల లెక్క పుస్తకములలోని ప్రమాణముకంటె తక్కువగా ఉండును. ఆ ప్రమాణము యూరపువారిని చూచి వ్రాసినది. తక్కువ లెక్కను చూచి రోగమని శంకించి, అవసరమైన మందులను ఆపుటయు, మోతాదు తగ్గించుటయు జరిగినవి. 2009లో డేవిడ్ రైక్ ప్రభృతులు ఆ తక్కువకు ముఖ్యకారణము ఈ ప్రమోటరులోని అక్షరమేనని చూపినారు. మూలుగలో లేత ఎర్రకణములమీద గ్రాహకము లేకపోవుటచేత తెల్లకణముల పెంపకమే కొంత వేరైన త్రోవ పట్టునని 2017లో మరొక బృందము తెలిపినది. తూమొకటి బిగిసిన, ప్రక్కమళ్ళ తేమయు మారును.

ఈ మార్పు ఆఫ్రికాకే పరిమితమని చాలకాలము తలచినారు. 1999లో పాపువా న్యూగినీలో, ఆఫ్రికాలోవలె బి జన్యువుమీద గాక, ఏ జన్యువునకు ముందు, సరిగా ఆచోటనే ఆ అక్షరమే మారియుండుట పీటర్ జిమ్మర్‌మన్ బృందము చూచినది. అదియు వైవాక్స్ బాధిత ప్రాంతమే. రెండు దూరదేశములలో, వేరువేరుగా, అదే పిడి విరిగినది. జీవియు ఊరకుండలేదు. 2010లో మడగాస్కరులో డఫీ గుర్తులేనివారికి సైతము వైవాక్స్ జ్వరము వచ్చుచున్నదని డిడియే మెనార్ ప్రభృతులు ప్రకటించినారు. అటుపై ఆఫ్రికాలో మరికొన్నిచోట్లను అట్టి ఉదంతములు బయటపడినవి.

మన సంగతి వేరు. భారతదేశమున డఫీ గుర్తులేనివారు మిక్కిలి అరుదు. మన ఎర్రకణముల తూములు చక్కగా తెరచుకొనును, అందుచేతనే పెన్నేటి గట్టునను వైవాక్స్‌కు వాకిలి దొరికినది. మన తూమును ఎవరును మూయబోరు. చేయగలిగినది వాకిలిని తట్టు చేతిని కట్టివేయుట. వైవాక్స్ జీవి డఫీ గ్రాహకమును పట్టుకొనుటకు వాడు మాంసకృత్తును తీసి, దానినే టీకాగా మలచుటకు చేతన్ చిట్నిస్ ఢిల్లీలోని అంతర్జాతీయ జన్యుసాంకేతిక కేంద్రములో ఏండ్ల తరబడి పనిచేసినారు. ఆ టీకా ఇచ్చి, పిమ్మట వైవాక్స్‌ను బుద్ధిపూర్వకముగా ఎక్కించిన స్వచ్ఛందులపై ఆక్స్‌ఫర్డులో జరిగిన పరీక్ష 2023లో వెలువడినది. నెత్తుటిలో జీవి వృద్ధిచెందు వేగము సుమారు సగమునకు తగ్గినది. పూర్తిగా ఆగలేదు.

మొన్న ప్రొద్దుటూరులో ఒక రక్తదాన శిబిరమునకు ధ్వనిముద్రణకై పోయి, ఊరక రాలేక నేనును ఒక సీసా ఇచ్చివచ్చితిని. వారిచ్చిన చీటీమీద ఓ పాజిటివ్ అని ఉన్నది. డఫీని గూర్చి ఏమియు లేదు. అడిగితిని. "అవసరమైనవాళ్ళకు పెద్దాసుపత్రిలో చూస్తారు సార్, మామూలుగా చూడం" అని ఆ అమ్మాయి నవ్వి, నా చేతికి దూది అదిమిపట్టి, తరువాతివారిని పిలిచినది.